చాడీలు చెప్పే కారు

కారు ఇంటికొచ్చి వారం తిరగకముందే నా మీద చాడీలు చెప్పడం మొదలుపెట్టింది. నేను బ్రేకు గట్టిగా తొక్కానట. మలుపులో వేగం తగ్గించలేదట. బెల్టు పెట్టుకోకుండా సందు చివరిదాకా పోయానట. ఇవన్నీ మా అన్న ఫోన్‌కి చేరేవి. భద్రాచలంలో మా పరుపుల దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, వచ్చినవాళ్లందరి ముందూ చదివి వినిపించేవాడు.

"చెల్లె, నిన్న నీ డ్రైవింగు మార్కులు తగ్గినయ్. మొన్నటిదాంక మంచిగనే ఉంటివి గదా, ఏంది కథ?"

"ఆ ఫోన్‌నే ఒకసారి చర్ల రోడ్డు మీద నడుపుమను. గుంతలల్ల పడి లేస్తే అప్పుడు ఎయ్యమను మార్కులు."

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వేవారు. అన్నా నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని. అప్పటికి అది ఉత్త నవ్వులాట.

మాది దూది ఏకే ఇల్లు. తాతల నాటి నుంచి పరుపులూ దిండ్లూ కుట్టి అమ్ముకుని బతుకుతున్నాం. నమాజు చేసుకునే ఇల్లే గానీ, ఏడ్చినా తిట్టుకున్నా మా నోట వచ్చేది తెలుగే. నాన్న పోయాక దుకాణం అన్న చేతికి వచ్చింది. నా భర్త పోయాక నేను పుట్టింటికి వచ్చి, దుకాణం మీద ఉన్న గదిలో ఉంటున్నాను. ఊరికే కూర్చుని తినే మనిషిని కాను. సరుకు కొనే పని నాది. ఎండలు ముదిరేసరికి చర్ల అవతల అడవి ఊళ్లలో బూరుగు కాయలు పగిలి దూది బయటికొస్తుంది. ఆ ఊళ్లవాళ్లు కాయలు ఏరి, గింజ తీసి, బస్తాల్లో కుక్కి పెడతారు. దూది తడిగా ఉందా, ఎండిందా, గింజ ఎంత మిగిలింది అనేది చేత్తో పట్టుకుని చూసి బేరం చేసుకుని వస్తే, తర్వాత ట్రాలీ వెళ్లి బస్తాలు తెస్తుంది. ఫోమ్ పరుపులు ఎన్ని వచ్చినా, మెడ పట్టేసినవాళ్లు చివరికి మా బూరుగు దిండు కోసమే వస్తారు.

కారు రాకముందు అన్ని ఏళ్లూ నేను బస్సులోనూ షేర్ ఆటోలోనూ తిరిగాను. పొద్దున దుమ్ముగూడెం మీదుగా వెళ్లి, పొద్దుగూకేలోపు వచ్చేదాన్ని. బస్సు గురించి నాకు తెలిసిన గొప్ప సంగతి ఒకటే. అది ఎవరికీ ఏమీ చెప్పదు. ఎక్కడ దిగావు, ఎవరింట్లో అన్నం తిన్నావు, ఎంతసేపు కూర్చుని కబుర్లాడావు, దానికి అక్కర్లేదు.

నాకు ఆ గుట్టు అవసరం. ఎందుకంటే తోబుట్టువులం అన్నా నేనూ ఇద్దరమే కాదు, ముగ్గురం. నా తర్వాత ఒక చెల్లెలుంది. మా దుకాణానికి దూది బస్తాలు దింపడానికి వచ్చే ఒక కోయ అబ్బాయిని ఇష్టపడి, అతనితోనే వెళ్లిపోయి, ఆ అడవి ఊళ్లోనే కాపురం పెట్టింది. ఆ రోజు అన్న నడింట్లో నిలబడి అందరూ వినేటట్టు ఒక మాట అన్నాడు. "ఆ గడప తొక్కినోళ్లకు ఈ గడప లేదు." అంతే. తిట్టలేదు, చెయ్యెత్తలేదు. ఆ తర్వాత ఆమె ఊసు ఆయన నోట రాలేదు. ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే "మేం ఇద్దరమే, నేనూ మా చెల్లె" అని చెప్పేవాడు. పక్కనే నిలబడి దిండుకు కుట్లు వేస్తున్న నాకు సూది వేలిలో దిగేది.

నేను ఆ గడప తొక్కాను. ఏటా తొక్కాను. సరుకు కోసం వెళ్లినప్పుడల్లా ముందు చెల్లెలి ఇంటికే వెళ్లేదాన్ని. అది వెదురు తడికల ఇల్లు. చెల్లెలి పిల్లలు పెద్దమ్మా అంటూ కొంగు పట్టుకుని వేలాడేవారు. మా మరిది ఎక్కువ మాట్లాడడు, తినమని మాత్రం మళ్లీ మళ్లీ అంటాడు. అన్నకు తెలిస్తే నా గది పోతుంది, నా పని పోతుంది. ఈ వయసులో ఎక్కడికి పోవాలి? అయినా మానలేకపోయాను. నా చెల్లెల్ని చూడకుండా ఉండటం నా వల్ల కాదు.

మరి కారు ఎందుకు వచ్చిందంటే, నా మోకాళ్ల కోసం. బస్సు మెట్లు ఎక్కలేక తిప్పలు పడుతున్నానని అన్నే జాలిపడి కొన్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి. "ఇది నీ కోసమే చెల్లె, జల్దీ నేర్చుకో," అన్నాడు. నేర్చుకున్నాను. అబ్బో, ఆ సంతోషం ఏం చెప్పను! తల నెరిశాక స్టీరింగు పట్టుకుని గోదారి గట్టు పక్కన ఒక్కదాన్నే పోతుంటే నా అంత మొనగత్తె లేదనిపించింది. చెల్లెలి ఇంటికి ఇక ఎప్పుడంటే అప్పుడే అనుకుని మురిసిపోయాను.

షోరూములో అమ్మాయి దాని గొప్పలన్నీ చెప్పింది. చుట్టూ కెమెరాలున్నాయి, టైర్లో గాలి తగ్గితే చెబుతుంది, ముందు మనిషి వస్తే తనే ఆగుతుంది, ఇంట్లో కూర్చుని ఫోన్లోంచే ఏసీ వేసుకోవచ్చు. చివరగా దీనికి సొంతంగా సిమ్ము కూడా ఉందని చెప్పింది.

"కారుకు సిమ్మెందుకమ్మా? అది ఎవలతోటి మాట్లాడతది?" అన్నాను.

"మీతోనే మేడం," అంది నవ్వుతూ.

నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. అన్నీ అన్నతోనే మాట్లాడింది.

అన్యాయంగా చెప్పకూడదు. ఒకసారి చర్ల దాటాక టైరులో గాలి తగ్గుతోందని ముందే చెప్పి నన్ను కాపాడింది. లేకపోతే ఆ ఎండలో, మనిషి జాడ లేని చోట, బండి పక్కన కూలబడి ఉండేదాన్ని. వెనక్కి తీసేటప్పుడు కెమెరా లేకపోతే నా చేతిలో ఎన్ని మేకలు చచ్చేవో. కారుకు కళ్లుండాలని నేనూ ఒప్పుకుంటాను. దానికి నోరెందుకని మాత్రమే నా గొడవ.

ఒకప్పుడైతే ఆ నోరు చర్ల దాటాక మూతబడేది. అక్కడ ఫోన్లు పని చేసేవి కావు. నాతో మాట్లాడాలంటే మా చెల్లెలు గుట్టెక్కి, ఫోను చేత్తో పైకెత్తి పట్టుకుని సిగ్నలు వెతుక్కునేది. తర్వాత రోడ్డు పక్కన పోలీసు క్యాంపు వచ్చింది, క్యాంపుతో పాటు టవరు వచ్చింది. "అక్కా, ఇప్పుడు పొయ్యికాడ కూసోనే మాట్లాడతున్న," అని చెల్లెలు సంబరపడింది. నేనూ సంబరపడ్డాను. ఆ టవరే మా కారుకు కూడా గొంతిస్తుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఒక రోజు రాత్రి అన్నాలు తింటుంటే అన్న ఫోను నా కంచం పక్కన పెట్టాడు. దాని మీద పటం ఉంది. పటం మీద మా ఇంటి నుంచి అడవిలోకి నీలం గీత. గీత చివర ఎర్ర చుక్క.

"గీడ కారు మస్తు సేపు ఆగింది. గీ ఊళ్లె మనకు సరుకు లేదు గదా?"

"మంచినీళ్లు తాగిన."

"గంత సేపా?"

నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆయన నా మొహంలోకి చూడలేదు, చుక్క వంకే చూశాడు. అది ఏ ఊరో ఆయనకు తెలుసు. తెలుసని నాకు తెలుసు. ఎవరి ఇల్లు అనే మాట మాత్రం ఇద్దరం అనలేదు. ఫోను ఆర్పి జేబులో పెట్టుకుని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, కడుపులో ఉన్నదంతా కక్కేసేదాన్ని. అరవని మనిషితో ఎట్లా కొట్లాడతాం?

మర్నాడు పొద్దున్నే దుకాణంలో నన్ను పిలిచాడు.

"ఫోన్ల కంచె పెట్టిన. గా ఊరికి ఇవతలి మలుపు దాంక నువ్వు పోవచ్చు. దాటితే ఫోను మోగుతది. నీ ఫోన్ల గూడ పెట్టిన, నీకు గూడ తెలుస్తది."

"కంచె ఏంది? నేను బర్రెనా?"

"అటు రోజులు మంచిగ లేవ్. నీ మంచికే," అని గిరాకీ వైపు తిరిగిపోయాడు.

నీ మంచికే! గది ఆయనది, కారు ఆయనది, మంచి కూడా ఆయనదే.

తర్వాత వెళ్లినప్పుడు ఏమవుతుందో చూద్దామని మొండిగా ఆ మలుపు దాటించాను. కారు తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. నా ఫోను మోగింది. మీ వాహనం హద్దు దాటింది అని తెలుగులో, ఎంతో మర్యాదగా రాసి ఉంది. అది చదివేలోపే అన్న ఫోను చేశాడు.

"ఏమైంది చెల్లె?"

"ఏం కాలే. బండి మలుపుకోనీకి జాగ లేక ముందుకొచ్చిన."

"గీడ జాగ ఉంది గదా, పటంల కనిపిస్తుంది."

బండి వెనక్కి మలుపుకున్నాను. చెల్లెలి ఇంటి కప్పు అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. ఎవరివో మేకలు రోడ్డుకు అడ్డంగా తాపీగా ఆ పక్కకు పోతున్నాయి. వాటిని చూస్తే నాకు దుఃఖం ఆగలేదు. బండి పక్కకు తీసి ఏడుద్దామంటే, ఇక్కడ ఎందుకు ఆగావని మళ్లీ ఫోను వస్తుందేమోనని, నడుపుతూనే ఏడ్చాను. ఆ రోజు నా మార్కులు ఎన్ని తగ్గాయో అన్న చదవలేదు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఇంకో ఎత్తు వేశాను. చర్ల సంత రోజున కారును సంత పక్కన పెట్టేసి, ఆటో ఎక్కాను. కారు సంతలో ఉంటే నేనూ సంతలో ఉన్నట్టే కదా. అన్న ఫోన్లో చుక్క కదలదు. ఆటోలో పల్లీల బస్తాకీ కోళ్ల బుట్టకీ మధ్య ఇరుక్కుని కూర్చుని, నా తెలివికి నేనే మురిసిపోతున్నాను. క్యాంపు దాకా వచ్చామో లేదో, ఫోను.

"చెల్లె, కారు ఎండల పెట్టినవా? లోపల నిప్పుల కుంపటి తీరు ఉడుకుతుందని చూపిస్తుంది. నీడకు పెట్టు, సీట్లు ఖరాబైతయ్."

"పెడత, పెడత. బేరంల ఉన్న."

"ఇప్పుడే పెట్టు. నేను చూస్తుంటా."

యా అల్లా! కారుకు ఎండ తగిలితే దానికి కూడా ఒక చాడీ! ఆటో దిగి, ఎదురొచ్చే ఇంకో ఆటో ఎక్కి, చెమటలు కక్కుకుంటూ వెనక్కి వచ్చి కారును చింతచెట్టు కిందికి జరిపాను. స్టీరింగు మీద తల పెట్టుకుని దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అదంతా విని అది అన్నకు చెబుతుందేమోనని కూడా ఒక పక్క భయమే.

ఆ తర్వాత నేను ఆ ఊరికి వెళ్లడం మానేశాను. చెల్లెలే సంతకు రావడం మొదలుపెట్టింది. ఎండుచేపలు అమ్మే వరుస వెనక, వాసనకు ఎవరూ నిలబడని చోట, ఇద్దరం గొంతుక్కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. కంచె సంగతి చెబితే అది ముందు పడీపడీ నవ్వింది.

"మా పోడు చేను చుట్టూ ఫారెస్టోళ్లు కందకం తవ్విండ్రు అక్కా, మా గొడ్లు అటు పోకుండ. అన్న నీకు ఫోన్ల తవ్విండా?" అంది. తర్వాత నవ్వు ఆపి, "ఇంకా గంత కోపమేనా నా మీద?" అని అడిగింది.

"ఎండుచేపల వాసనకు కండ్లు మండుతున్నయ్," అన్నాను.

లేవబోతూ చెప్పింది, విత్తనాల పండుగ వస్తోందని. దుక్కి పట్టేముందు వాళ్లు చేసుకునే పండుగ. ఆ రోజుల్లో మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి, పాట పాడి, పండుగ ఖర్చుకు ఎంతో కొంత ఇస్తేగానీ వదలరు. ఎంతటి ఆఫీసరైనా అంతే. "ఈసారి తాడు నేనే పట్టుకుంట," అంది గొప్పగా.

ఇంతలో అన్న పెట్టిన కంచె అన్నకే అడ్డమొచ్చింది. ఆ మలుపు దాటితేనే మాకు ఇంకో రెండు ఊళ్ల సరుకు. నేను పోకపోయేసరికి ఆ దూది వేరే వ్యాపారి ఎత్తుకుపోతాడని కబురొచ్చింది. అన్న గల్లాపెట్టె మీద వేళ్లతో తాళం వేస్తూ, "నేనే వస్త. నువ్వు పక్కన కూసో. సరుకు చూసుకుని వద్దాం," అన్నాడు.

అవి పండుగ రోజులని నాకు తెలుసు. చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. పోనీ, తాడు అడ్డం ఉంటుందని ఆయన కారుకు తెలియదా? అన్నీ తెలిసిన కారు కదా, అదే చెప్పుకోనీ అనుకున్నాను.

అన్న నడుపుతున్నాడు. మలుపు దాటగానే ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి, మీ వాహనం హద్దు దాటిందని. ఆయన తన ఫోను నొక్కి దాని నోరు మూశాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కొంచెం దూరం పోయామో లేదో, డప్పు వినిపించింది. రోడ్డుకు అడ్డంగా తాడు. తాడు వెనక, ముందు, పక్కన ఆడవాళ్లు. అన్న వేగం తగ్గించాడు, మెల్లగా పక్క నుంచి పోనిద్దామని చూశాడు. ఎవరో ఒకావిడ ఆడుతూ బండి ముందుకు వచ్చింది. కారు తనంతట తనే బ్రేకు వేసుకుని ఠక్కున ఆగిపోయింది.

కారు చుట్టూ మూగారు. కారుకు భయం పట్టుకుంది. నాలుగు దిక్కులా కూతలు మొదలుపెట్టింది. తెర మీద కెమెరాలు వాటంతట అవే వచ్చి, మా కారును పై నుంచి చూసినట్టు చూపిస్తున్నాయి. చుట్టూ ఎర్ర గీతలు, గీతల అవతల చీరలు, చేతులు, పూలు. తలుపులకు తాళాలు పడి ఉన్నాయి. అద్దాలు మూసి ఉన్నాయి. పాట లోపలికి దూరం నుంచి వచ్చినట్టు వస్తోంది.

తాడు కొస పట్టుకుని నిలబడింది మా చెల్లెలు. ఎడమచేతికి గుడ్డ కట్టు ఉంది. ముందు నన్ను చూసి నవ్వింది. తాడు పక్కనున్నామెకు ఇచ్చి నా వైపు రాబోయి, స్టీరింగు దగ్గర ఎవరున్నారో చూసింది. అక్కడే ఆగిపోయింది.

అన్న కిటికీలోంచి ఆమె వైపు చూడలేదు. తల తిప్పితే చాలు, చెయ్యి చాపినంత దూరంలో ఉంది. మెడ బిగబట్టుకుని కూర్చున్నాడు. కానీ కళ్లు తెర మీద ఉన్నాయి. నేను చూస్తుండగానే వేలితో తెర మీద నొక్కాడు. ముందు కెమెరా. అందులో ఆమె లేదు. కుడి పక్క కెమెరా నొక్కాడు. అందులో ఉంది. ఆమె నాలుగడుగులు ముందుకు వేసింది, ఆయన మళ్లీ ముందు కెమెరా నొక్కాడు. ఆమె మళ్లీ వెళ్లి తాడు అందుకుంది. ఆయన రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేయాలని చూశాడు, అది కాలేదు. ఆమె నుదుటి మీది జుట్టు నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి. అదంతా ఆయన అరచేతంత తెరలో చూసుకుంటున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఇట్లా తల తిప్పు అన్నా, ఒక్కసారి తిప్పు అని అరవాలనుంది. అరిస్తే ఆ తెర కూడా ఆర్పేస్తాడని భయం.

చివరికి నేనే నా పక్క అద్దం దించి, పండుగ ఖర్చుకు ఇవ్వాల్సింది ఇచ్చాను. అద్దం దిగగానే పాట లోపలికి ముంచుకొచ్చింది. చెల్లెలు ఎవరి వైపూ చూడకుండా తాడును నేల మీదికి వదిలింది. కారు తాడు మీదుగా వెళ్లింది. ఆయన వెంటనే వెనక కెమెరా నొక్కాడు గానీ, వేగం పెరగగానే తెర పటంలోకి మారిపోయింది.

చాలా దూరం పోయాక అడిగాడు.

"చేతికి ఏమైంది?"

"ఎవల చేతికి?" అన్నాను.

నాకు తెలుసు ఏమైందో. వెదురు చీలుస్తుంటే కత్తి జారిందని సంతలో చెప్పింది. కానీ ఆయన నోట ఆ పేరు వినాలి నాకు. ఇన్నేళ్లకు ఒక్కసారి అననీ. మా చెల్లె చేతికి అననీ. స్టీరింగు మీద ఆయన వేళ్లు బిగుసుకున్నాయి. "ఏం లే," అన్నాడు. నేనూ చెప్పలేదు. ఇద్దరం ఒక కడుపున పుట్టిన మొండివాళ్లం.

కొన్ని రోజులు గడిచాయి. ఒక రోజు పొద్దున అన్న దుమ్ముగూడెంలో ఒక బాకీదారుడిని చూసి రావాలని చెప్పి కారు తీసుకుని వెళ్లాడు. నేను దుకాణంలో ఒక పెళ్లివారికి పరుపు కొలతలు రాసుకుంటున్నాను. నా ఫోను మోగింది. మీ వాహనం హద్దు దాటింది.

కంచె నా ఫోన్లో కూడా పెట్టిన సంగతి ఆయన మరిచిపోయాడు. పటం తెరిచాను. నీలం గీత దుమ్ముగూడెంలో ఆగలేదు, చర్లలో ఆగలేదు, మలుపు దాటి తిన్నగా పోయి చెల్లెలి ఊరి మొదట్లో చుక్కగా ఆగింది. ఆయన నా మీద నిఘా పెట్టడానికి నేర్చుకున్నవన్నీ నేను ఆయన మీద నొక్కడం మొదలుపెట్టాను. ఇంజను ఆన్‌లో ఉంది. ఏసీ ఆన్‌లో ఉంది. డ్రైవరు తలుపు మూసి ఉంది.

"దిగు," అన్నాను.

"ఏందమ్మా?" అంది పెళ్లికూతురి తల్లి.

"మిమ్మల్ని గాదు. కూసోండి."

మళ్లీ చూశాను. తలుపు మూసి ఉంది. నొక్కుతూనే ఉన్నాను. దిగన్నా, నీకు దండం పెడతా, దిగు. తడిక తలుపే కదా, తోస్తే తెరుచుకుంటుంది. లోపల మన చెల్లె వంట చేస్తూ ఉంటుంది. నిన్ను చూస్తే ఏడుస్తుంది తప్ప ఏమీ అనదు. పెళ్లివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, మళ్లీ వస్తామని లేచిపోయారు. పోతే పోయారు. ఏసీ ఆన్‌లో ఉంది. తలుపు మూసి ఉంది. అట్లా చూస్తూ చూస్తూ ఉండగానే చుక్క కదిలింది. ముందుకు కాదు, వెనక్కి. నీలం గీత వచ్చిన దారినే మళ్లింది. ఆ తలుపు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు.

ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. "దుమ్ముగూడెంల ఎండ మస్తుంది," అన్నాడు. నేను పులుసు వడ్డించాను. నాకు తెలుసని చెప్పేస్తే సిగ్గుతో మళ్లీ ఎన్నడూ అటు పోడు. చెప్పకపోతే అది నేనొక్కదాన్నే మోయాలి. తనను చూస్తున్నారని తెలిస్తే ఎట్లా ఉంటుందో నాకన్నా ఎవరికి తెలుసు? ఆ బాధ ఆయనకు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంకో గరిటె పులుసు వేశాను.

సంత రోజున చెల్లెలు వచ్చింది. చేతి కట్టు విప్పేసింది, మచ్చ ఎర్రగా ఉంది. కూర్చోగానే చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"అక్కా, మొన్న మా ఊరి మొదట్ల ఒక తెల్ల కారు వచ్చి నిలబడ్డది. ఇంజను బంద్ చెయ్యలే, అద్దం దించలే, ఎవలూ దిగలే. మొదట నీ కారే అనుకున్న. ఉరుకుదామని లేచిన గూడ. కానీ నువ్వయితే దిగకుండ ఉంటవా? దిగలేదంటే నువ్వు గాదు. పోలీసులో ఎవలో, ఎవల కోసం వచ్చిండ్రో. మా దిక్కు రోజులు ఎట్లున్నయో నీకెరుకనే గదా. పిల్లలను లోపలికి గుంజుకుని తలుపు బిగించి కూసున్న. మీ మరిదిని గూడ బయటికి పోనియ్యలే. అది పోయేదాంక మాకు పానాల్లేవ్."

కారులో అన్న తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో చెల్లెలు తలుపు బిగించుకుని కూర్చుంది. తలుపు తెరుచుకోలేదని మాత్రమే నాకు చెప్పిన ఆ ఫోను, ఎదురుగా ఇంకో తలుపు కూడా మూసుకుందని చెప్పలేదు. ఇక దాచలేకపోయాను.

"అది మన కారే," అన్నాను. "అన్న వచ్చిండు."

చెల్లెలు నా వంక చూసింది. నమ్మలేదు. నేను ఫోను తీసి ఆ రోజు గీత చూపించాను. గీత వెంట వేలు పెట్టి, భద్రాచలం నుంచి తన ఊరి దాకా మెల్లగా జరిపింది. చుక్క దగ్గర ఆగింది. చేపలమ్మే ఆమె ఈగలు తోలుతూ మమ్మల్నే చూస్తోంది. చెల్లెలి కళ్లనుంచి నీళ్లు కారి గడ్డం మీదికి వస్తున్నా తుడుచుకోలేదు.

"ఒక్క హారన్ కొట్టొచ్చు గదా అక్కా," అంది. "గంత పెద్ద కారుకు హారన్ లేదా?"